మా అత్త అననివ్వని మాట

మా అత్తగారింట్లో దీపాన్ని ఆర్పేవాళ్లు కాదు, పెద్ద చేసేవాళ్లు. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త "పిల్లా, దీపం పెద్ద జెయ్" అంటే, చెప్పిన మాట వినే కోడలిననిపించుకుందామని నేను వత్తి పైకి ఎగదోశాను. ఇల్లంతా పట్టపగలైంది. మా అత్త నన్ను తేరిపార చూసి, "నూనె మీ బాపు పంపుతడా?" అని అడిగింది.

నా తప్పేమీ లేదు. నాది గోదావరి ఒడ్డున బాసర దగ్గరి పల్లె. సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడే ఊరు. దీపం తీసేయమనడానికి మేం మరాఠీలో 'మాలవు' అనేవాళ్లం. దీపం విషయంలో 'ఆర్పు' అనకూడదని మాకూ తెలుసు. కాని కరీంనగర్ వాళ్లు దానికి ఏకంగా తలకిందుల మాట పెట్టుకున్నారని నాకెట్లా తెలుస్తుంది? తీసేయమని చెప్పడానికి పెంచమనడమేమిటని చాలా రోజులు నాలో నేనే గొణుక్కున్నాను.

వాడకట్టులో అందరూ ఆ పట్టింపు దీపం వరకే పెట్టుకునేవాళ్లు. మా అత్త దీపంతో ఆగలేదు. పొయ్యినీ పెద్ద చేయాల్సిందే, ఎవరైనా మా అరుగు మీద కూర్చుని బీడీ తాగితే దాన్నీ పెద్ద చేయాల్సిందే. మా ఇంట్లో బట్టలు ఆరేయడం లేదు, ఎండకు వేయడమే. చివరికి లెక్కలో ఆరు కూడా లేదు. మా దిక్కు కొలతలు కొలిచేవాళ్లు ఏడు అనరు, ఏడుపు వినిపిస్తుందని 'ఆరున్నొకటి' అంటారు. మా అత్తకు ఆరే పనికిరాదు కదా. అందుకని నూలు చిలపలు, అంటే నూలు కట్టలు, లెక్కపెట్టేటప్పుడు అయిదు, అయిదున్నొకటి, అయిదున్నరెండు అని, అక్కడి నుంచి ఎనిమిదికి పోయేది. "అత్తా, నీ దగ్గర లెక్కలు నేర్చుకున్న పోరనికి బడిల తన్నులే" అన్నాను ఒకసారి. "తన్నులు తిననీ. మంచిగనే బతుకుతడు" అంది.

ఇదంతా చాదస్తమనుకుని నవ్వుకుంటుంటే, మా ఆయన ఒకరోజు మగ్గం గుంటలోంచి తలెత్తి అసలు సంగతి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు నూలు దొరక్క మగ్గాలు పడుకున్న ఏడు వచ్చిందట. మా మామ నాలుగు పైసలు తెస్తానని బెల్లంపల్లి దిక్కు బొగ్గుబాయిలో పనికి పోయాడు. కొన్నాళ్లకు అక్కడి నుంచి ఒక మనిషి వచ్చి మా గడప దగ్గర నిలబడ్డాడు. చచ్చిపోయాడన్న మాట అతని నోట రాలేదు. "బాయిల గాలి చెడ్డదక్కా. దీపాలు ఆరినయ్" అని మాత్రం అన్నాడు. మా అత్తకు అర్థం కాలేదు. "ఆరితె మళ్ల ముట్టియ్యరాదా?" అందట. ఆమె సర్దుకుని అర్థం చేసుకునే లోపల వాడకట్టంతా ఏడుస్తూ వచ్చేసింది. అప్పటి నుంచి ఆ మాట ఆమె ఇంట్లోకి రాలేదు.

అది విన్నాక నవ్వడం మానేశాను. మానేశానంటే పూర్తిగా కాదు, అయిదున్నొకటి వినబడితే పెదవి కొరుక్కోవాల్సి వచ్చేది. కాని బట్టలు మాత్రం ఆ రోజు నుంచి నేనూ ఎండకే వేశాను.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్లయింది అప్పటికి. మరమగ్గాలు వస్తున్నాయి, చేతిమగ్గం మీద నేసిన బట్టకు అడిగేవాడు తగ్గుతున్నాడు. మా ఆయన పొద్దంతా గుంటలో కూర్చుని నేసినా జొన్న గటక తప్ప అన్నం వండే రోజులు తక్కువే. అట్లాంటప్పుడు మా చిన్నమామ, అంటే మామ తమ్ముడు, శ్రీరాంపూర్ నుంచి వచ్చి, బొగ్గుబాయిలో ఒక జాగా చూశానని, దసరా వెళ్లగానే వచ్చెయ్యమని మా ఆయనకు చెప్పాడు. మంచి మనసుతోనే చెప్పాడు. మా అత్త అన్నం ముందు కూర్చుని, కలిపి, అట్లాగే లేచిపోయింది. వద్దంటే ఏం తిని బతకాలో ఆమెకూ తెలియదు, పొమ్మనడానికీ మనసు రాలేదు.

అప్పుడే మా వాడకట్టులో ఉండే ఫైర్ స్టేషన్ డ్రైవరన్న ఒక కబురు తెచ్చాడు. మంటలార్పే పనికి మనుషులను తీసుకుంటున్నారు. ఉరకాలి, ఎక్కాలి, మోయాలి, తర్వాత ఆఫీసర్ల ముందు ఇంటర్వ్యూ. మా ఆయనకు వయసు దాటిపోతోంది, మళ్లీ సారి పిలిచే నాటికి పనికిరాడు. వస్తే ఈ ఉద్యోగం, రాకపోతే దసరా తర్వాత శ్రీరాంపూర్. మా ముందు ఇంకో దారి లేదు.

డ్రైవరన్న ఆ మాటను ఉర్దూలోకి తిప్పి "ఆగ్ బుజాయించే నౌకరీ అవ్వా" అని మా అత్తకు చెప్పాడు. ఆమె రాట్నం ఆపింది.

"అగ్గిల దుంకుడా?"

"దుంకుడు గాదవ్వా, బయట నిలబడి నీళ్లు గొట్టుడే. నువ్వేం పరేషాన్ గాకు" అని తియ్యగా అబద్ధమాడాడు అన్న.

మా అత్త అబద్ధాలు నమ్మే మనిషి కాదు. "పని జేసేటప్పుడు మీద ఆకాశం కనబడ్తదా?" అని అడిగింది.

"కనబడ్తదవ్వా."

"అయితె పోనీ" అని మళ్లీ రాట్నం తిప్పింది.

ఇక మా ఆయన తయారీ మొదలైంది. ఆయన శరీరం గురించి నేను చెప్పాలంటే కొంచెం మొహమాటమే. గుంట మగ్గంలో కూర్చునే మనిషికి చేతులకు బలం ఉంటుంది, కాళ్లకు ఒడుపు ఉంటుంది, ఛాతీ మాత్రం వంగి లోపలికి పోయి ఉంటుంది. "ఊపిరి వట్టి ఛాతి పొంగియ్" అని డ్రైవరన్న కొలిచే తాడు పట్టుకుంటే, మా ఆయన ఛాతీకి బదులు పొట్ట పొంగించేవాడు. పొద్దున్నే లేచి మానేరు ఏటి దాకా ఉరికి వచ్చేవాడు. కొత్తలో వెళ్లేటప్పుడు ఉరికేవాడు, వచ్చేటప్పుడు ఎడ్లబండి ఎక్కేవాడు. బండివాళ్లే నాకు చెప్పేశారు. తర్వాత తర్వాత రెండు దిక్కులా ఉరికాడు. ఇంటి వెనక చింతచెట్టుకు మోకు కట్టి ఎక్కడం నేర్చుకున్నాడు. మా అత్త గటకలోకి రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టి పెట్టేది. ఆమె ఎక్కడి నుంచి తెచ్చేదో, తన పూటలో ఏది మానుకునేదో నేను అడిగినా చెప్పలేదు.

మోయడం దగ్గర చిక్కు వచ్చింది. స్పృహ తప్పిన మనిషిని భుజాన వేసుకుని ఉరకాలట. మా ఆయన వడ్ల బస్తాతో అలవాటు చేసుకున్నాడు. డ్రైవరన్న చూసి, "బస్తా నువ్వెట్లేస్తె అట్ల పండుకుంటది బావా. మనిషి జారుతడు. మనిషినే మోయాలె" అన్నాడు. ఎవరిని మోస్తాడు? మగవాళ్లంతా మగ్గాల దగ్గర. నేనున్నాను కదా అని చీర కుచ్చిళ్లు దోపుకుని ముందుకొచ్చాను. నాకు అందులో తప్పేమీ కనబడలేదు, ఇప్పటికీ కనబడదు. కాని పట్టపగలు పెండ్లాన్ని భుజాన వేసుకుని వాడకట్టులో ఉరకడానికి మా ఆయనకు ధైర్యం చాలలేదు. చెవులదాకా ఎర్రబడి నిలబడిపోయాడు.

మా అత్త రాట్నం దగ్గర నుంచి లేచింది. "దాన్నెత్తితె లోకం నవ్వుతది. నన్నెత్తు. అవ్వను మోస్తె ఎవడేమంటడు?"

ఆమె ఎంత చిన్న మనిషో అంత బరువు. మా ఆయన వంగి భుజాన వేసుకుని లేచేసరికి మెడ నరాలు కనబడ్డాయి. వాడకట్టు చివరిదాకా, మళ్లీ ఇంటిదాకా. స్పృహ తప్పిన మనిషి మాట్లాడకూడదు. మా అత్తకు ఆ ఒక్క పని చేతకాలేదు. తలకిందులుగా వేలాడుతూనే, "ఓ పిల్లా, మీ ఇంటి ముంగట ఊడ్వలే ఇంక?" అని ఒకరిని, "నీ కోడి మా పెరట్ల గుడ్డు వెట్టింది, వచ్చి తీస్కపో" అని ఇంకొకరిని పలకరించేది. వాడకట్టంతా గుమ్మాల్లో నిలబడి నవ్వేది. కాని నేను చూశాను, రోజురోజుకూ మా ఆయన ఊపిరి నెమ్మదిపడింది, అడుగు తడబడటం మానింది. పొద్దున్నే ఆమె ఆయనకన్నా ముందే సిద్ధమై అరుగు మీద కూర్చునేది. ఆ వయసులో పొట్ట భుజం మీద అదిమి పడి కుదుపులకు ఎంత నొప్పి పుట్టి ఉంటుందో, ఒక్కనాడు అనలేదు.

ఒకరోజు డ్రైవరన్న మా మగ్గం చెక్క మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుని తానే ఆఫీసరయ్యాడు. "ఊఁ, లోపల్కి రా. ఇల్లంటుకున్నది. ఏం జేస్తవ్?"

మా ఆయన చేతులు కట్టుకుని, తడుముకోకుండా చెప్పాడు. "పెద్ద జేస్త సార్."

డ్రైవరన్న నెత్తి పట్టుకున్నాడు. వాళ్లింట్లోనూ మా అత్తలాంటి మనిషి ఉందేమో, కిందటిసారి సుల్తానాబాద్ నుంచి వచ్చిన ఒకతను అచ్చం ఇదే చెప్పాడట. అడిగిన అధికారి కృష్ణా దిక్కు మనిషి. ఏమన్నావని మళ్లీ అడిగితే, వినబడలేదేమోనని అతను ఇంకా గట్టిగా "మంటను పెద్ద జేస్త సార్, ఎంత మంటైన సరే" అన్నాడు. తనను ఆటపట్టిస్తున్నాడనుకుని ఆ సారు బయటికి పంపేశాడు. ఆ సుల్తానాబాద్ మనిషికి తానేం తప్పు చేశాడో చివరిదాకా తెలియలేదు. "ఉరుకుట్ల గాయనే ముందు, ఎక్కుట్ల గాయనే ముందు. గా ఒక్క మాటకు పోయిండు" అన్నాడు అన్న. మేం నవ్వుతున్నామా అంటే నవ్వుతున్నాం, కాని మా ఆయన మొహంలో రంగు తగ్గింది.

"అయితె బుజాయిస్త అంట" అన్నాడు.

"పాత సర్కార్ల నడిచేది. గీ సారుకు ఉర్దూ రాదు."

"శాంతం జేస్త అంట."

"నువ్వేమన్న పూజారివా?"

"చల్లారుస్త అంటె?" అని నేను అందించాను. లోపలి నుంచి మా అత్త గొంతు వినబడింది. "అండ్ల గూడ ఉన్నది గా మాట. చల్లగైనా ఆరుడు ఆరుడే." అనేసి, తానే ఆ మాట పలికానని గుర్తొచ్చిందేమో, చప్పున నోరు మూసుకుంది.

"ఉట్టిగ నీళ్లు కొడ్త అంట" అన్నాడు మా ఆయన చివరికి.

"కొడ్తవు. ఎందుకు కొడ్తవు? బావా, ఉద్యోగం పేర్లనే ఉన్నది గా మాట. ఆర్పుత అనుడు రానోన్ని ఆర్పే పనికి ఎట్ల తీస్కుంటరు? ఒక్కసారి అను. ఆర్పుత."

రాట్నం ఆగిపోయింది. మా అత్త బయటికి వచ్చి, కోపం లేకుండానే, "నాయినా, నువ్వు మా మంచికే జెప్తున్నవ్. కాని గా మాట నా ఇంట్ల వద్దు. బయట ఏమన్న అనుకోండ్రి" అంది.

సరే, బయటే అనుకుందామని నేను మా ఆయనను మానేరు ఇసుకలోకి తీసుకుపోయాను. మా చిన్నమేనమామ ఒకాయన బెజవాడ దాకా పోయి వచ్చినవాడు, ఆ దిక్కు వాళ్లు మాట చివర 'అండీ' తగిలిస్తారని నాకు తెలుసు. "ఆర్పుతానండీ" అని నేర్పాను. ఏటి దిక్కు తిరిగి నిలబడితే ఆయన బాగానే అనేవాడు. ఒకటి రెండు సార్లయితే నీళ్లలో పడుకున్న బర్రెలు తలలెత్తి చూసేంత గట్టిగా అన్నాడు. నేను సారునై ఎదురుగా నిలబడి అడిగితే మాత్రం పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు.

"ఎందుకయితలేదు?" అని కసిరాను. నాకు ఓపిక తక్కువ.

ఆయన ఇసుకలో కూలబడ్డాడు. "ఎవలన్న ఎదురుంగ నిలబడి అడిగితె, గాయనే యాదికొస్తడు. గడప కాడ నిలబడ్డాయన. నేను అవ్వ కొంగు వట్టుకోని ఉన్న. గా మాటనంగనే అవ్వ మొకం ఎట్లయిందో నేను జూసిన."

ఆయన పక్కన కూర్చున్నాను. ఆ మాట ఇంట్లో నిషేధించినది మా అత్తే అయినా, దాన్ని లోపల మోస్తున్నది ఈయన కూడా అని నాకు అప్పుడు తెలిసింది. ఆమె విప్పితే తప్ప ఈ ముడి విడేది కాదు.

ఇంటికి వచ్చాక మా అత్త ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నీ కొడుకు ఉరుకుతుండు, ఎక్కుతుండు, నీ అంత బరువును మోస్తుండు. ఒక్క మాట మాత్రం నీకోసం మింగుతుండు. ఇట్లనే ఉంటె నీ పట్టింపు గెలుస్తది అత్తా, నీ కొడుకు బాయిల దిగుతడు." అట్లా అన్నందుకు నాకు అప్పుడూ బాధ లేదు, ఇప్పుడూ లేదు. ఎవరో ఒకరు అనాలి. మా అత్త తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఇంటర్వ్యూ పొద్దు వచ్చింది. మా ఇళ్లలో ఎవరైనా మంచి పని మీద బయలుదేరితే ముత్తైదువ నీళ్ల చెంబుతో ఎదురు రావాలి. మా అత్త అట్లాంటి వేళల్లో వెనక పెరట్లోకి పోయి నిలబడేది. మొగుడు పోయిన మనిషి ఎదురు రాకూడదని ఎవరూ ఆమెకు చెప్పనక్కరలేదు, తానే తప్పుకునేది. కన్నకొడుకు పెళ్లికి తరలిపోతున్నప్పుడు కూడా ఆమె పెరట్లోనే ఉండిందని విన్నాను. ఆ రోజూ అట్లాగే అనుకుని నేను తలస్నానం చేసి, చెంబు పట్టుకుని వీధిలో నిలబడ్డాను. మా ఆయన ఉతికిన ధోతి, ఇస్త్రీ చేయించిన అంగీ వేసుకుని గడప దగ్గరికి వచ్చాడు.

నా పక్క నుంచి మా అత్త నడిచి వెళ్లి ఆయన ముందు నిలబడింది. పెరటి దారిన ఇంటిని చుట్టుకుని వీధిలోకి వచ్చినట్టుంది. చేతిలో ముట్టించిన దీపం ఉంది. ఎదురింటి అరుగు మీద వాళ్లు మాటలాపేశారు. మా ఆయన ఒక కాలు గడప ఇవతల, ఒక కాలు అవతల పెట్టి అట్లాగే ఆగిపోయాడు.

"అవ్వా, నువ్వెందుకొచ్చినవ్?"

"అవ్వను గాదు, సారును" అంది మా అత్త. "ఇల్లంటుకున్నది. ఏం జేస్తవ్ రా?"

మా ఆయన నా దిక్కు చూశాడు.

"దాని దిక్కు సూస్తవేంది? నన్ను జూసి చెప్పు."

ఆయనకు మాట రాలేదు. మా అత్త అటూ ఇటూ చూడలేదు. దీపాన్ని మొహం దగ్గరికి తెచ్చుకుని, వాడకట్టు చూస్తుండగా, నోటితో ఉఫ్ అని ఊదేసింది. అంతకు ముందు ఆ ఇంట్లో దీపాన్ని పువ్వు అద్ది పెద్ద చేయడమే తప్ప ఎవరూ నోటితో ఊదలేదు.

"ఆరింది" అంది. "నేనే ఆర్పిన. సూసినవా? ఇల్లున్నది. నువ్వున్నవ్. నేనున్న. గా మాట మీ బాపును తీస్కపోలే బిడ్డా. బాయిల గాలి తీస్కపోయింది. ఇన్నేండ్లు నేను గా మాట మీద పగ వట్టిన, ఇంక దేని మీద వట్టాల్నో తెల్వక. ఇగ ఇడిసిపెట్టిన. ఇప్పుడను."

"ఆర్పుత" అన్నాడు మా ఆయన. చాలా మెల్లగా.

"వినబడలే."

"ఆర్పుత అవ్వా."

అప్పటిదాకా మా అత్తను పట్టింపుల మనిషనుకున్నాను, మొండిదనుకున్నాను. ఆమె మొండిదే. కాని ఒక మాటను ఎన్నో ఏళ్లు బయట నిలబెట్టినామె, ఎదురు రావడానికి తనకు లేని హక్కును ఆ ఒక్క పొద్దున తీసుకుని, అందరి ముందు ఆ మాటను తానే ఇంట్లోకి పిలిచింది. నేనైతే చేయగలిగేదాన్ని కాదు. నాకు కోపం వచ్చినంత సులువుగా ధైర్యం రాదు.

మా ఆయన సాయంత్రం నడుచుకుంటూ వచ్చాడు. మేమిద్దరం అరుగు మీదే ఉన్నాం. నేను నోరు తెరిచే లోపలే మా అత్త అడిగింది.

"అడిగిండ్రా?"

"అడిగిండ్రవ్వా."

"ఏమన్నవ్?"

"లోపల మనుషులున్నరా అని ముందుగాల అడుగుత సార్, ఉంటె తెస్త, తర్వాత ఆర్పుత అన్న."

"సారేమన్నడు?"

"కొంచెం గట్టిగా చెప్పవయ్యా అన్నడు. గట్టిగనే అన్న. నవ్విండు. ఆర్పుతానండీ అనుడు మాత్రం మర్సిపోయిన" అని నా దిక్కు భయంగా చూశాడు. నా పాఠం అంతా ఏటిపాలైంది. అయినా ఆ పూట నాకు కోపం రాలేదు.

మోసే పరీక్షలో తనకు ఇచ్చిన మనిషి దూదిలా తేలిగ్గా ఉన్నాడట. ఆ మాట మా అత్త ముందు అనవద్దని నేను సైగ చేసినా అనేశాడు. మా అత్త నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో నాకు తెలియలేదు. మేం ఆమెను ఏడవనిచ్చాం.

ఉద్యోగం వచ్చిందన్న మాట డ్రైవరన్న వాడకట్టు మొదట్లోనే అరుస్తూ వచ్చాడు. దసరాకు వచ్చిన చిన్నమామకు మా అత్త కడుపునిండా పెట్టి, "వాడు రాడు. నువ్వు గూడ పైలంగ ఉండు" అని చెప్పి పంపింది.

ఆ మరుసటి ఎండాకాలంలో, ఒక పొద్దున, ఊరి చివర గడ్డి గుడిసెలు అంటుకున్నాయి. మా పెరట్లోంచి పొగ కనబడింది. మా పుట్టింట్లో బంబు అనే మంటలార్పే ఎర్రబండి గంట కొట్టుకుంటూ పోయిన చప్పుడు విన్నాం. అందులో మా ఆయన ఉన్నాడని ఇద్దరికీ తెలుసు. నేను పొయ్యి దగ్గరికి పోయాను, ఏం వండానో గుర్తులేదు. మా అత్త గడపలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు, అంబలి తెచ్చిస్తే చెంబు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది, పొగ పలచబడింది, అయినా ఆమె అట్లాగే వీధి చివరకు చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం దాటాక ఆయన వచ్చాడు. ఖాకీ బట్టలు తడిసి ఒంటికి అంటుకున్నాయి, కనుబొమ్మలు కమిలాయి, మొహమంతా మసి. నేను ఎదురు ఉరికి, "మొత్తం ఆరిందా? ఎవరికన్న ఏమన్న అయిందా?" అని గబగబా అడిగాను. "అందరు బయటికొచ్చిండ్రు" అని ఆయన ఇంకేదో చెప్పబోయాడు.

మా అత్త మా మాటలు వినడం లేదు. ఆయన దగ్గరికి పోయి మసి పట్టిన చెంపల మీద రెండు చేతులు పెట్టింది.

"వచ్చినవా బిడ్డా?"

"వచ్చిన అవ్వా."

"వచ్చినవా?"

ఎదురుగా నిలబడ్డ మనిషిని పట్టుకుని ఆమె ఆ మాటే మళ్లీ మళ్లీ అడిగింది. ఎప్పుడో బెల్లంపల్లి నుంచి రావాల్సిన మనిషిని అడగలేకపోయిన మాట అది. మా ఆయనకు అది తెలుసు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆమె చేతుల మీద తన చేతులు పెట్టి, అడిగిన ప్రతిసారీ, "వచ్చిన అవ్వా, వచ్చిన" అన్నాడు.